షిజుఓకా నగరమున బొమ్మకార్ల ప్రదర్శనము

జపాను దేశమనగానే మన సోదరీమణులకు స్మరణకు వచ్చునవి ఫ్యూజీ పర్వతమును, చెఱ్ఱి పూవులును, పట్టు కిమోనోలును. 2024వ సంవత్సరము మే నెలలో మేము ఆ దేశమునకు పోయినది వీనిని చూచుటకు గాదు. హమమత్సు పట్టణమున నొక యంత్రశాలలో ఉద్యోగము చేయుచున్న మా కుమారునితో పోట్లాడుటకు. ఇట్లు వ్రాయుట కొంచెము మోటుగా నున్నను నిజమిదియే. మేమనగా ఈ వ్యాసము వ్రాయునామెయు, ఆమె ఆడుబిడ్డయు. రాజమహేంద్రవరము వదలి పొరుగు రాష్ట్రమైనను సరిగా చూడని మేమిరువురము విమానమెక్కితిమనిన, కారణము చిన్నది గాదని చదువరులు గ్రహింతురు.

ఆ బాలునికి (31 యేండ్లవానిని బాలుడనుట తల్లులకే చెల్లును) ప్లాస్టిక్ కార్ల బొమ్మలు కూర్చు వ్యసనమొకటి పట్టుకొన్నది. ఫోనులో మాటలాడునప్పుడెల్ల వాని వెనుక గోడకు అట్టపెట్టెలు కనబడుచుండెను. నెలనెలకు ఆ పెట్టెలు కప్పువైపునకు ఎదుగుచుండెను. ఒక్కొక్క పెట్టె మూడు నాలుగువేల యెన్లు. రాత్రి రెండు గంటలవఱకు వాడు మేలుకొనియుండుట, కన్నులు ఎఱ్ఱబాఱుట, రెండు మంచి సంబంధములు "తరువాత చూతము" అను మాటతో జాఱిపోవుట, ఇవన్నియు ఆ పెట్టెల ఖాతాలోనే మేము వ్రాసికొంటిమి.

వాని గది మన వంటయింటంత లేదు. మా ఆడుబిడ్డ ఓపికతో లెక్కించి పెట్టెలు 143 అని తేల్చినది. కూర్చి ముగించినవి 20కి మించలేదు. కొని విప్పక పేర్చియుంచిన పెట్టెలకు ఆ దేశపు బొమ్మలవారిలో "త్సుమి" యను మాట కలదు. త్సుమి యనగా పేర్చుట; అదే పలుకుబడిగల వేఱొక మాటకు పాపమని యర్థము. వారు ఈ శ్లేషను చెప్పుకొని నవ్వుకొందురట. మాకు నవ్వు రాలేదు.

"అమ్మా, శనివారమునాడు షిజుఓకాకు పోదము. అక్కడ చూచిన తరువాత తిట్టుము" అని వాడనెను. తిట్టుటకు గడువు కోరువానిని కాదనుట ఎట్లు?

హమమత్సునుండి షిజుఓకాకు వేగబండిలో సుమారు అర్ధగంట ప్రయాణము. దారికిరువైపుల దువ్వి పాపిడి తీసినట్లు తేయాకు తోటలు. ఫ్యూజీ పర్వతము ఆనాడు మబ్బుచాటున దాగెను. దానికై మేము విచారింపలేదు. స్టేషను వెలుపలికి వచ్చి కొంత నడవగా, వీథి ప్రక్కన ఒక విచిత్రము కనబడినది. నిలువెత్తు చట్రమొకటి, దానికంటుకొని వేఱ్వేఱు భాగములు, నడుమ ఒక తపాలపెట్టె. ఇప్పుడే ఎవరో రాక్షసబాలకుడు వచ్చి ఆ భాగములను త్రుంచి అతుకబోవుచున్నట్లుండెను. ఇట్టివానిని ఆ నగరపాలకులు 2021 నుండి అక్కడక్కడ నెలకొల్పుచున్నారు. ఊరిలో పండునది ఊరి గుమ్మమున కట్టుకొనుట మన దేశమునను కలదు గదా. జపానులో తయారగు ప్లాస్టిక్ నమూనాలలో అత్యధికభాగము ఈ షిజుఓకా మండలమునుండియే వచ్చును. తమియా, ఆవోషిమా, ఫుజిమి, పొరుగున యాయిజులోని హసెగావా, ఇవన్నియు ఇచ్చటి సంస్థలే. బందాయ్ వారి కర్మాగారమును ఇచ్చటనే యున్నది.

ఒక్క ఊరికి ఇంత బొమ్మల పిచ్చి ఎట్లు పట్టెనని మేమడిగితిమి. దానికి ఆ పురమువారు చెప్పుకొను కథ బహు పూర్వమునుండి మొదలగును. తొకుగవా ఇయెయాసు అను షోగను అధికారము కుమారునికప్పగించి 1607లో ఇచ్చటి సుంపు కోటకు వచ్చి, 1616లో మరణించువఱకు ఇచ్చటనే యుండెను. పిమ్మట సెంగెన్ దేవాలయ నిర్మాణమునకై నలుమూలలనుండి వడ్రంగులను, లక్కపనివారిని, చిత్రకారులను రప్పించిరి. పని తీఱినను వారిలో పలువురు మరలిపోక ఇచ్చటనే కాపురముండిరి. ఇప్పుడున్న ఆలయభవనములు 1804లో మొదలై ముగియుటకు సుమారు 60 యేండ్లు పట్టినవి. తండ్రి మొదలిడిన దూలమును మనుమడు చెక్కియుండును. ఆ పనితనము లక్కసామానులకును, బీరువాలకును, ఆడపిల్లల పండుగకు మార్చి 3వ తేదీన మెట్లపై నిలుపు హినా బొమ్మలకును ప్రాకినది. మన సంక్రాంతి బొమ్మలకొలువువంటిదే ఆ పండుగయు. ఎఱ్ఱగుడ్డ పఱచిన మెట్లు, పైమెట్టున రాజును రాణియు, క్రింద పరివారము. ఆ కొయ్యచేతులే చివరకు విమానముల బొమ్మలు చెక్కినవి. ఆవోషిమా వారును ఆ పనికి దిగిరి.

తమియా వారు 1946లో ప్రారంభించినది కలప వ్యాపారము. అగ్నిప్రమాదమున సరకు కాలిపోగా వారు క్రమముగా కొయ్యబొమ్మలనే నమ్ముకొనిరి. ఇంతలో అమెరికానుండి ప్లాస్టిక్ నమూనాలు దిగినవి. కొయ్యబొమ్మను చెక్కుటకు నేర్పు కావలెను, ప్లాస్టిక్‌కు అక్కఱలేదు. పిల్లలు కొయ్యను ముట్టుట మానివైచిరి. 1960లో తమియావారు అప్పుచేసి యమాతో యుద్ధనౌకకు అచ్చు చేయించిరి. సరిగా అదే సమయమున మఱియొక సంస్థ అదే ఓడను తక్కువ వెలకు అంగడిలో పెట్టెను. వెల తగ్గింపక తప్పినది కాదు, నష్టమే మిగిలినది. తరువాత చిన్న చిన్న పందెపు కార్ల బొమ్మలతో తల యెత్తుకొని, పిమ్మట పాంథర్ అను టాంకుతో నిలద్రొక్కుకొనిరి. ఆ టాంకు పెట్టెపై చిత్రము వ్రాసినవారు కొమత్సుజకి షిగెరు అను ప్రసిద్ధ చిత్రకారులు. ఎఱుపు నీలము రెండు నక్షత్రముల వారి గుఱుతును వేసినది ఆ యింటి చిన్నకుమారుడే. ఆ వ్యాపారమును దశాబ్దములు నడపిన తమియా షున్‌సాకు గారు, మేము తిరిగివచ్చిన మఱుసటి సంవత్సరము, 2025 జూలైలో, తమ 90 యేండ్ల వయస్సున స్వర్గస్థులైరి.

ఆయననుగూర్చి ఒక కథ మా కుమారుడు దారిపొడుగున చెప్పుచునే యుండెను. పోర్షె అను జర్మను కారునకు పన్నెండవ వంతు నమూనా చేయదలచి, ఛాయాచిత్రములతో తృప్తిపడక, నిజమైన పోర్షె 911 కారు నొకదానిని కొని మేకుమేకు విప్పించి కొలతలు తీయించిరట. కొత్త కారును విప్పి నేలపై పఱచుటా! ఆ యింటి ఇల్లాలేమనెనో యెవరును వ్రాసియుండరు. ఆ నమూనా 1976లో వచ్చి మిక్కిలి పేరు గన్నది. ఆ బొమ్మకే మోటారు పెట్టి దూరమునుండి నడపు కారునుగా చేసి అమ్మి, సంస్థవారు మఱియొక వ్యాపారమునే తెఱచిరి. ఇంత వ్యయమేల యనిన, ఉక్కు అచ్చు చెక్కుట బహు ఖరీదైన పని. ఒక్కసారి చెక్కిన పిమ్మట దిద్దుట కష్టము. కొలత తప్పిన అచ్చునుండి తప్పు బొమ్మలే వేలకొలది వచ్చును.

ప్రదర్శనము జరుగునది త్విన్ మెస్సె యను విశాలమైన భవనములలో. 1959 నుండి వర్తకులకై జరుగుచుండిన సంత ఇది. 1990 నుండి, కేవలము వినోదమునకై బొమ్మలు చేయువారు తమ సంఘములతో వచ్చి బల్లలపై చేతిపనులు పెట్టుకొనుట మొదలైనది. సంస్థల దీపాలంకారములను మేము త్వరగా దాటితిమి. అంగడి ఎచ్చటనైనను అంగడియే. ఈ బల్లలయొద్ద మాత్రము కాళ్లు కదలలేదు.

ఇచ్చట కొంచెము పని వివరము చెప్పవలెను. ప్లాస్టిక్ పలుకులను కరగించి గొప్ప ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి చిమ్ముదురు. చల్లారిన పిమ్మట విప్పగా, కొమ్మకు కాయలవలె ఒక చట్రమునకంటుకొని భాగములన్నియు వచ్చును. అచ్చు రెండు దవడలు కలసిన చోట సన్నని గీత పడును. దానిని కత్తితో గీకి నునుపు చేయవలెను. అతుకునది మన మైదాపిండి జిగురువంటిది గాదు. రెండు అంచులను కరగించి ఒకటిగా చేయు ద్రవము. తరువాత రంగు. ముందు బూడిదవన్నె పూత, దానిపై పలుచగా మూడు నాలుగు పొరలు, ఆఱినపిమ్మట నీటితో తడిపి 1000, 1500, 2000 అంకెల గరుకుకాగితములతో వరుసగా రుద్దుట, చివరకు మైనముతో మెఱుగు. ఈ ద్రవములన్నియు గాఢమైన వాసన గలవి, నిప్పునకు సులువుగా అంటుకొనునవి. పసిపిల్లలున్న యింట, కిటికీ లేని గదిలో, వంటపొయ్యికి దగ్గఱగా వీనిని విప్పరాదు. మా వాని గదిలో కిటికీకి గొట్టము అమర్చిన పంకా యున్నది. అది చూచి కొంత ధైర్యము కలిగినది.

పెట్టెలో వచ్చినది వచ్చినట్లు కూర్చువారు కొందఱు. తమకు తోచినట్లు మార్చువారు మఱికొందఱు, చూడవలసినది వీరిని. ఈ మార్చు విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1958లో ఏ.ఎం.టి. యను సంస్థవారు ఒకే పెట్టెలో మూడు విధములుగా కూర్చదగిన కారును అమ్మిరి: అంగడిలో దొరకునట్టిది, అలంకరించినది, పందెమునకు సిద్ధము చేసినది. అక్కడి యువకులు నిజమైన కార్ల కప్పు కోసి క్రుంగదీసినట్లే, పిల్లలు బొమ్మకారు కప్పును ఱంపముతో కోసి, స్తంభములు కుఱుచచేసి, సందులను మెత్తతో పూడ్చి తిరిగి యతికిరి. జపానువారు దీనికి తమ సొగసు చేర్చిరి. అద్దములు, దీపములు, చిత్రములతో పెండ్లికూతురువలె సింగారించు లారీలు వారికి కలవు. 1975 నుండి 1979 వఱకు వచ్చిన "తొరక్కు యారో" అను చలనచిత్రములు వానిని ఇంటింటికి ఎఱిగించినవి. అట్టి లారీ నమూనాలకు ఆవోషిమావారు పేరెన్నికగన్నవారు. ఒక బల్లపై అట్టి లారీ నొకదానిని చూచితిమి. జానెడున్నర పొడవు, ఒడలెల్ల మిణుకుమను దీపములు. మా ఆడుబిడ్డ దానిని చూచి, "మన కోనసీమ ప్రభ తీర్థమునకు పోయినట్లున్నది వదినా!" అనెను.

ఒక బల్లకడ 60 యేండ్లు దాటినట్లు కనబడు నొక స్త్రీ కూర్చుండి, పట్టుకారుతో వెండ్రుకవంటి తీగలను కారు యంత్రమునకు చుట్టుచుండెను. మా చీరలు చూచి నవ్వి, కుర్చీలు జరిపినది. భాష రాదు, మా వాడు దుబాసి. ఆమె కారు తలుపులు తెఱచుకొనును. లోపల నేలపై తివాచి పఱచియున్నది, అది చల్లిన పొడియట. ఆసనములకు కుట్టు గీతలు. "గుడ్డ ఎందుకు వేయలేదు?" అని మేమడిగితిమి. 24వ వంతు బొమ్మలో పావు మిల్లీమీటరు దారము ఆఱు మిల్లీమీటర్ల త్రాడువలె కనబడునని ఆమె యుత్తరము. ఎంత సన్నని నేత నేసినను ఆ కొలతలో గోనెసంచియే. ఈ మాట మా మనస్సున నాటినది. సూదిపని చేయువారికి ఇంత సూటిగా లెక్క చెప్పినవారిని మేమెఱుగము. ఆమె అతుకులపై రాచు మెత్తను చూపగా, మాకు కొండపల్లి పనివారు చింతపిక్కల పొడియు ఱంపపుపొట్టును కలిపి చేయు మక్కు జ్ఞాపకమునకు వచ్చి, తెల్లపొనికి కొయ్య సంగతి చెప్పితిమి. ఆమె కాగితము తీసి వ్రాసికొన్నది.

తరువాత మా వాడు తన సంఘపు బల్లకు తీసికొనిపోయెను. అందఱి కార్లును అద్దములవలె మెఱయుచుండెను. వానిది మాత్రము రంగులేని తెల్లని ఒడలు, అడుగడుగున బూడిదవన్నె అతుకులు, చక్రములైనను లేవు. ఇంత దూరము రప్పించి ఇదా చూపుట అని మేము మొగము చిట్లించితిమి. మా ఆడుబిడ్డ వంగి, ఆ గుండ్రని ముందుభాగమును, ఉబ్బెత్తు కప్పును చూచి చూచి, "వదినా, ఇది అన్నయ్య బండి" అనెను.

అంబాసిడర్ కారు మన దేశమున ఎఱుగనివారుండరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఆంగ్లేయుల బండి రూపముతో బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున తయారై, 2014లో ఆగిపోయినది. మా యింటి బండిని వీని తండ్రిగారు 1987లో పాతదిగానే కొనిరి. అన్నవరము కొండపై నిమ్మకాయలు త్రొక్కించినది మొదలు, ఈ పిల్లవానిని ఆసుపత్రినుండి తెచ్చినది, బడికి దింపినది, ఆయనను కడసారి వైద్యునియొద్దకు గొనిపోయినది అదియే. ఆయన పోయిన మఱుసటి సంవత్సరము, 2011లో, నడపువారు లేక, పాక కురియుచుండగా, వీని చదువునకు రొక్కము కావలసి దానిని అమ్మివైచితిమి. వీడు అప్పుడు విజయవాడలో పరీక్షలు వ్రాయుచుండెను. వానినడుగవలెనని మాకు తోచలేదు. ఇంటికి వచ్చి, పాకలో బండి లేకుండుట చూచి, వాడేమియు అనలేదు. అన్నము తిని పడుకొనెను. పిల్లవాడు బాధపడలేదని మేము సంతోషించితిమి.

ఆ బండికి నమూనా పెట్టె వానికెక్కడను దొరకలేదట. అందుచే ఆ కాలపు గుండ్రని కార్ల పెట్టెలు ఒకటి తరువాత ఒకటి కొని, దీని ముందుభాగము, దాని కప్పు, వేఱొకదాని వెనుకభాగము కోసి కలుపుచున్నాడు. మూడు ఒడళ్లు పాడైనవి, ఇది నాలుగవది. నాలుగు మీటర్ల చిల్లర పొడవుగల బండి 24వ వంతున 18 సెంటీమీటర్లకు దిగును. 143 పెట్టెలలో ఎన్ని దీనికొఱకు, ఎన్ని వేడుకకు అని మా ఆడుబిడ్డ నిలువదీయగా, "అన్నియు దీనికొఱకే యనిన అబద్ధమగును అత్తా" అని వాడొప్పుకొనెను. పాపమును పూర్తిగా కడుగుకొనక, కడుగుకొన్నట్లు నటింపకుండుట మాకు నచ్చినది.

"మనయొద్ద దాని ఫొటోలు రెండే యున్నవి. రెండింటను బండి ముందు మనుష్యులే నిలిచియున్నారు. లోపల ఎట్లుండెనో నాకు జ్ఞాపకము చాలదు. అడుగుదమనుకొంటిని, అడిగిన నీవు ఏడ్తువనుకొంటిని" అని వాడనెను. ఆ బల్లకడ, తెలియని జనుల నడుమ, మేము ఏడ్వలేదు. మూడు కుర్చీలు తెచ్చుకొని కూర్చుండి చెప్పనారంభించితిమి. పైకప్పు గుడ్డ లేత పసుపు. గేరుకఱ్ఱ తలపై గాజుగుండు, అందులో చిన్న గులాబి. వెనుక తలుపునకు కొబ్బరికాయల బస్తా తగిలిన సొట్ట. సొట్ట ఎడమవైపని మేమంటిమి; కాదు కుడివైపని మా ఆడుబిడ్డ. ఈ వివాదము ఇంకను తీఱలేదు. వాడు తలవంచి వ్రాసికొనుచునే యుండెను.

సాయంకాలము అబెకవా మోచి తింటిమి. ఉడికించి దంచిన బియ్యపు ముద్దకు వేయించిన సోయాపిండియు చక్కెరయు అద్దినది. రుచికి మన సున్నికి దూరపుచుట్టము, నేయి లేని లోటు తప్ప. మాంసము సోకని తినుబండారములు వెదకు సోదరీమణులు దీనిని గుఱుతుంచుకొనవచ్చును.

హమమత్సుకు చేరిన తరువాత వాడు ఆసనముల సంగతి ఎత్తెను. ఆ బండి ఆసనములపై తెల్లని తువ్వాళ్లు కప్పియుండెడివి. వారమునకొకసారి మేమే గంజిపెట్టి ఉతికెడివారము. అవి లేనిచో అది ఆయన బండి కాదు. కాని గుడ్డ వేసిన గోనె యగును. అప్పుడు మా ఆడుబిడ్డ, ముక్కు తుడుచుకొను మెత్తని కాగితమును పొరలు విడదీసి, ఒక్క పొరను గంజిలో ముంచి కప్పిన ఏమని అడిగినది. మా వాడు గంజికి బదులు పలుచన చేసిన తెల్ల జిగురు వాడవచ్చుననెను. మేము గంజియే యంటిమి. బియ్యము వారి దేశముదే, వార్చినది మేము. అంగుళమైనను లేని ఆసనములపై ఆ కాగితపు పొరను పఱచి, సూదిమొనతో ముడుతలు తీసి, బోర్లించిన గిన్నెపై ఆరబెట్టితిమి. రాత్రి రెండు గంటలైనది. నిద్రపొమ్మని ఎవరును ఎవరికిని చెప్పలేదు.

తెల్లవాఱుసరికి అవి ఎండి బిగిసినవి. ముందు ఆసనముపైది కొంచెము వంకరగా నున్నదని మా ఆడుబిడ్డ మరల తడిపినది.